మూడు దాటిన గీత

ఇరవై రెండేళ్లలో దూది చేతిలో ఒక్క సీసా పగల్లేదు. వైన్ దాచుకునే వాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. అందుకే ఇల్లు మారేటప్పుడు సామాన్లు ఎవరికో, సీసాలు మాత్రం దూదికి అప్పజెప్పేవారు. అతని అసలు పేరు రసీదుల మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. సీసాల్ని దూదిలో పెట్టినట్టు తీసుకెళతాడని ఎప్పుడో ఎవరో అన్నారు, అదే నిలిచిపోయింది. లోపల ఎప్పుడూ ఒకే చల్లదనం ఉండే వ్యాను, నోరు ఊరుకోని ఒక డ్రైవరు, తడబడని రెండు చేతులు. అతని ఆస్తి అంతే.

ఆ చేతులే టీచరమ్మ ఇంట్లో కొంప ముంచాయి.

ఆవిడ లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. భర్త పళ్ల డాక్టరు. నాలుగు నెలల క్రితం ఇంటి కింద నేలమాళిగలో, తన వైన్ సీసాల మధ్యే పోయాడు. గుండె ఆగిందన్నారు. ఇక్కడికి ఆరు గంటల ప్రయాణం దూరంలో, కొండల మీది చలి ఊళ్లో ఆయన ముందే ఒక ఇల్లు కొనిపెట్టాడు. ఇప్పుడు ఆవిడ సీసాలన్నిటినీ వెంటబెట్టుకుని ఆ ఇంటికి మారిపోతోంది.

సామాను ఎత్తే రోజు ఉదయం ఆవిడ నేలమాళిగ తాళంచెవి దూది చేతిలో పెట్టి, మెట్ల పైనే ఆగిపోయింది. నాలుగు నెలలుగా తాను ఆ మెట్లు దిగలేదని చెప్పింది.

“ఎక్కడున్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే రావాలి బాబూ,” అంది. “వాలుబల్ల మరీ జాగ్రత్త.”

ఆ మాట చెప్పి పంపని ఇల్లంటూ ఉండదు. మీరు నిశ్చింతగా ఉండండమ్మగారూ అని దూది దిగిపోయాడు.

తాళం తీయగానే తలుపు తనంతట తానే లోపలికి వాలిపోయింది. గుమ్మం ఒక పక్కకి కుంగింది, తాళం వేస్తే తప్ప ఆ తలుపు మూసుకుని ఉండదు. లోపల పన్నెండు డిగ్రీల చలి. నాలుగు నెలలుగా మనిషి అడుగు పడకపోయినా చలి మెషిను మాత్రం మూలనుండి సన్నగా మూలుగుతూనే ఉంది. గోడల వెంట అరల్లో కొన్న సీసాలు ఏడు వందల పైచిలుకు. మధ్యాహ్నం అయ్యేసరికి దూది వాటన్నిటినీ అట్టపెట్టెల్లో సర్దేశాడు. మిగిలింది వాలుబల్ల.

వాలుబల్ల అంటే రెండు దళసరి పలకల్ని గుడారంలా ఒకదానికొకటి ఆనించి నిలబెట్టిన చట్రం. పలకల నిండా బెజ్జాలు. బెజ్జానికో సీసా, మెడ కిందికి, అడుగు పైకి. నురగ వైన్ ఇంట్లోనే చేసుకునేవాళ్లకి ఇది లేకపోతే పని జరగదు. సీసాలో పులిసిన వైన్ అడుగున మడ్డి మిగులుతుంది. రోజుకొకసారి ప్రతి సీసానీ కాస్త తిప్పుతూ పోతే ఆ మడ్డి మెల్లగా జారి మెడలోకి చేరుతుంది, పైనున్న వైన్ అద్దంలా తేరుకుంటుంది. ఎంత తిప్పారో మరిచిపోకుండా సీసా అడుగున తెల్లరంగుతో ఒక గీత గీస్తారు. గడియారం చిన్నముల్లు గంటన్నరలో ఎంత జరుగుతుందో, ఆ గీత రోజుకి అంత జరుగుతుంది.

డాక్టరు సొంతంగా చేసుకున్న సీసాలు నూట ఇరవై ఆ బల్లలో ఉన్నాయి. దూది ముందుకి వంగి చూశాడు. పై వరుసల్లో గీతలన్నీ ఒక వైపు చూస్తున్నాయి, కింది వరుసల్లో ఇంకో వైపు. కిందివి ఒక తిప్పు వెనకబడి ఉన్నాయి. ఆ తేడా అతని కంటికి సగం ఇస్త్రీ చేసి వదిలేసిన చొక్కాలా కనబడింది.

దూదికి ఒక పద్ధతుంది. వాలుబల్లని కదిపే ముందు గీతలన్నిటినీ ఒకే దిక్కుకి తెస్తాడు. అలా చేస్తే దింపాక ఏ సీసా జారిందో ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఆ పద్ధతికి ఆలోచన అక్కర్లేదు, చేతులే చేసుకుపోతాయి. వెనకబడ్డవాటిని ముందున్నవాటితో కలిపాడు. రెండు చేతులతో రెండేసి సీసాలు. కిర్రు, కిర్రు. ఐదు నిమిషాల్లో నూట ఇరవై గీతలూ ఒకే వైపు చూశాయి. అప్పుడు ఫోన్ తీసి ఒక ఫోటో తీసుకున్నాడు.

బల్ల పక్కన ఒక ముక్కాలిపీట ఉంది. అడ్డంగా ఉందని జరపబోతే అరచెయ్యి పీట మీద పడింది. పీట వెచ్చగా ఉంది. ఇప్పుడే ఎవరో లేచి వెళ్లినట్టు.

ఇంతసేపూ చలిలో ఉన్నాను కదా, నా చెయ్యే చల్లబడి ఉంటుంది అనుకున్నాడు. అనుకుని, ఆ పీటని మాత్రం కాలితో జరిపాడు.

మర్నాడు తెల్లవారగానే బయల్దేరారు. టీచరమ్మ కిటికీ పక్కన, దూది మధ్యలో, డ్రైవరు తన సీట్లో. ఊరు దాటేలోగా డ్రైవరు నాలుగు జోకులు వేశాడు. వెనక పడుకున్నవాళ్లు లేస్తారేమో, హారన్ కొట్టొచ్చా అన్నా అని ఒకటి. అత్తారింట్లో కొత్తల్లుడు నడిచినట్టు నడుపుతున్నాను, ఇంతకన్నా నెమ్మదంటే దిగి తోసుకుపోవాలి అని ఇంకొకటి. టీచరమ్మ నవ్వలేదు. చేతిసంచిని ఒళ్లో రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది, అందులో ప్రాణమున్నదేదో ఉన్నట్టు.

మూడు గంటల తరువాత రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర ఆపారు. డ్రైవరు టైర్లు చూసుకోవడానికి వెళ్లాడు. టీచరమ్మ కప్పు పక్కకి జరిపి సంచిలోంచి ఒక చిన్న పుస్తకం తీసి టేబుల్ మీద పెట్టింది. తెరవలేదు. తెరవకుండానే చెప్పడం మొదలుపెట్టింది.

కొండల మీది ఇల్లు డాక్టరు ఆవిడని అడక్కుండా కొన్నాడట. అక్కడి చలి వైన్‌కి మంచిదని. సీసాల కోసం నేను ఊరు మారను అని ఆవిడ అంది. అంతే, ఆ రోజునుంచీ ఇద్దరికీ మాటల్లేవు. వాళ్ల కాపురంలో దెబ్బలాటంటే అదే. అరుపులూ ఉండవు, గిన్నెలు విసరడాలూ ఉండవు. ముందు నోరు తెరిచినవాళ్లు ఓడినట్టు. ముప్పై నాలుగేళ్లలో ఎక్కువసార్లు ఓడింది ఆవిడే. ఈసారి మాత్రం ఓడకూడదని పట్టు పట్టింది. పదకొండు రోజులు గడిచాయి. ఆయన వచ్చి తినేవాడు, కింది గదికి పోయేవాడు. సీసాలు తిప్పడం అయ్యాక కూడా అక్కడే కూర్చునేవాడు.

చలి పోకుండా రోజూ ఎనిమిదింటికి ఆ తలుపుకి తాళం వేసేది ఆవిడే. పదకొండో రోజు కూడా ఎనిమిదింటికే దిగింది.

“తలుపు సందులో వెలుతురుంది,” అంది టీచరమ్మ. “లోపలికి చూడకుండానే తలుపు లాక్కున్నాను. లోపల ఉన్నాడని తెలుసు. తెలిసే వేశాను.”

దూది టీ కప్పు కింద పెట్టాడు.

“తట్టాలి కదా ఆయన. తడితే నేను ఎవరూ అంటాను. నేనే అనాలి కదా. అప్పుడు ముందు మాట్లాడింది ఆయనే అవుతాడు. అంతే బాబూ నా లెక్క.”

మెట్ల పైన కుర్చీ వేసుకుని కూర్చుందట. పదకొండింటి దాకా చెవులు రిక్కించుకుని వింది. ఎవరూ తట్టలేదు. ఆ కుర్చీలోనే కన్నంటుకుంది. తెల్లవారుజామున ఉలిక్కిపడి లేచి తాళం తీస్తే, ఆయన పీట మీద కూర్చుని, వాలుబల్లకి నుదురు ఆనించి ఉన్నాడు. ఎన్ని గంటలకి పోయాడో చూడ్డానికి వచ్చిన డాక్టరు చెప్పలేకపోయాడు, సాయంత్రానికీ తెల్లారడానికీ మధ్య అన్నాడు. తలుపు తీసే ఉందని ఆవిడ అందరికీ చెప్పింది. ఆయన్ని ఎత్తుకుని పెంచిన అక్కగారికి కూడా అదే చెప్పింది.

“తట్టలేక తట్టలేదా, తట్టకూడదనే తట్టలేదా?” అంది. “ఆ ఒక్కటి తెలియాలి నాకు. నేను వెళ్లేసరికే పోయి ఉంటే, నేను తాళం వేసింది ఖాళీ గదికి. కాదంటే…”

పుస్తకం తెరిచి చివరి పేజీ చూపించింది. రోజూ సీసాలన్నీ తిప్పాక డాక్టరు ఒక చిన్న సున్నా చుట్టి, గీత ఏ వైపు ఉందో గీసి, టైము వేసేవాడు. ఆ పుస్తకం ఆయన జేబులోనే దొరికింది. ఆఖరి సున్నాలో గీత మూడు గంటల దగ్గర ఉంది. టైము ఆరూ పధ్నాలుగు.

అంటే ఆ రోజు పని ఆరుంబావుకల్లా అయిపోయింది. బల్లలో గీతలన్నీ మూడు దగ్గరే ఉంటే, ఆయన ఆ తరువాత ఏ సీసానీ ముట్టుకోలేదు, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు అని అనుకోవచ్చు. ఒక్క గీత మూడు దాటినా సరే, లెక్క వేరు. ఒకే రోజు రెండుసార్లు తిప్పడం ఆయన జన్మలో చేయలేదు. చేసి ఉంటే, తాళం పడ్డాక, ఇక పొద్దున్నదాకా బయటికి పోయే దారి లేదని తెలిశాక చేసి ఉండాలి.

“ఆ గదిలో నిలబడి చూసే ధైర్యం నాకు లేకపోయింది. గీత చదవడం వచ్చిన మనిషి కావాలని నిన్ను వెతికి పిలిచాను. ఎలా ఉన్నాయి బాబూ?”

దూది కప్పు పైకెత్తి, తాగకుండానే దించాడు. అంతగా గమనించలేదమ్మగారూ, దిగాక చూసి చెబుతాను అన్నాడు. చేతులు కడుక్కునే మిషతో లేచి వ్యాను వెనక్కి నడిచాడు.

అక్కడ ఫోన్ తీసి నిన్నటి ఫోటో పెద్దది చేసి చూశాడు. నూట ఇరవై గీతలూ నాలుగున్నర దగ్గర ఉన్నాయి. అంటే తను ముందుకి జరిపిన కింది వరుసలు మూడు దగ్గర ఉన్నవి. పై వరుసలు అప్పటికే మూడు దాటినవి. డాక్టరు రెండోసారి మొదలుపెట్టాడు. సగంలో ఎక్కడో ఆగిపోయాడు. ఎక్కడ ఆగాడో చూపించే గీతలు నాలుగు నెలలు చెక్కుచెదరకుండా నిలిచాయి. ఇస్త్రీ మడతలా తనే వాటిని సాపు చేసేశాడు.

అప్పుడు వ్యాను లోపలినుంచి చప్పుడు వినిపించింది.

కిర్రు. కాస్త ఆగి, ఇంకో కిర్రు. చెక్క మీద గాజు తిరిగే చప్పుడు. రెండేసి, రెండేసి. ఇంజను ఆగి పావుగంటైంది. గాలి కూడా లేదు. దూది గడియ తీసి రెండు తలుపులూ ఒక్కసారిగా తెరిచాడు. కట్టిన పట్టీలు కట్టినట్టే ఉన్నాయి. గీతలన్నీ నాలుగున్నర దగ్గరే ఉన్నాయి. ఒక్కటీ కదల్లేదు.

వెనక్కి తిరిగితే టీచరమ్మ నాలుగడుగుల దూరంలో నిలబడి ఉంది.

“ఇంట్లో రోజూ ఆరింటికి వినబడేది,” అంది మామూలు గొంతుతో, పక్కింటివాళ్ల రేడియో గురించి చెప్పినట్టు. “ఇవాళ పగలే మొదలుపెట్టాడు. చూశావా?”

దూది తలుపులు మూసేశాడు. “చీకటిగా ఉందమ్మగారూ. ఇల్లు చేరనివ్వండి.”

మిగతా మూడు గంటలూ రోడ్డు పైకి మెలికలు తిరిగింది. డ్రైవరు తన పెళ్లిచూపుల కథ ఒకటి ఎత్తుకున్నాడు గానీ వినేవాళ్లు లేక మధ్యలోనే వదిలేశాడు. దూది పక్కన కూర్చున్న మనిషి చేతుల వంకే చూశాడు. బొటనవేలి గోరు చూపుడువేలిని గీరుతూనే ఉంది. అక్కడ చర్మం ఎప్పుడో లేచిపోయి, మానిన చోటే మళ్లీ లేచింది. నాలుగు నెలలుగా అదే పని కాబోలు. రెండో కొండ ఎక్కేసరికి దూది ఫోన్‌లోని ఫోటో తీసేశాడు.

కొత్త ఇల్లు చిన్నదే. ఉత్తరం వైపు గదిని డాక్టరు వైన్ కోసమే కట్టించాడు. మందపాటి గోడలు, కొత్త చలి మెషిను, దిట్టమైన తలుపు. టీచరమ్మ కిటికీలు తెరవడానికి లోపలికి వెళ్లింది. డ్రైవరు పెట్టెలు ఒక్కొక్కటే మోయడం మొదలుపెట్టాడు. పట్టీలు విప్పేదాకా ఎవరూ రావద్దని చెప్పి దూది వ్యానులోకెక్కి తలుపు దగ్గరగా లాగాడు.

ఈ పనిలో కట్టుబాటు ఒక్కటే. సీసాని ముందుకే తిప్పాలి. మెల్లగా నడిపే బండి కుదుపుకి రేగని మడ్డి కూడా, వెనక్కి తిప్పితే ఒక్కసారిగా రేగి వైన్ అంతా విరిగిన పాలలా అయిపోతుంది. దూదికి ఆ పని నేర్పినవాడు, వెనక్కి తిప్పిన చెయ్యిని నరికేస్తానని బెదిరించేవాడు. కానీ ఆవిడకి వైన్ అక్కర్లేదు. ఆవిడకి కావలసింది గీత. గీత మూడు దగ్గర ఉంటే ఆ బొటనవేలు ఆగుతుంది. దూది రెండు సీసాలు పట్టుకుని వెనక్కి తిప్పాడు.

మొదటి యాభై సులువుగానే తిరిగాయి. ఆ తరువాత బిగిశాయి. తడిసి ఉబ్బిన చెక్క బిగుతు కాదది. పళ్లు బిగించి తిప్పినా కదలవు. వదిలితే వదులుగానే ఊగుతాయి. తిప్పబోతే మళ్లీ బిగుసుకుంటాయి. పలకకి అవతలి పక్కనుంచి, మెడ దగ్గర ఎవరో పట్టుకున్నట్టు. దూది నుదుటి మీద ఆ చలిలోనూ చెమట పట్టింది. వంగి అవతలికి చూసే ధైర్యం చాల్లేదు.

“ఆవిడ కోసమే సార్,” అన్నాడు మెల్లగా. “వదలండి.”

చాలాసేపు ఏమీ జరగలేదు. తరువాత చేతిలోని రెండు సీసాలూ తిరిగాయి.

పిలవగానే టీచరమ్మ పుస్తకమూ టార్చీ పట్టుకుని వచ్చింది. మెట్టు ఎక్కి వ్యానులోకి వంగింది. వేలితో ఒక్కో వరుసా తడిమింది. పరీక్ష పేపరు దిద్దినట్టు పై వరుసనుంచి కింది వరుస దాకా, ఈ పలకా ఆ పలకా. అన్నీ మూడు.

“మూడు,” అంది. ఆవిడ భుజాలు దిగాయి. బొటనవేలు ఆగింది. కళ్లు మూసుకుని బల్ల మీద చెయ్యి ఆనించి నిలబడింది. అబద్ధం ఇంత మేలు చేస్తుందా అని దూది ఆశ్చర్యపోయాడు.

అప్పుడు ఆవిడ ఒక సీసాని సగం బయటికి లాగి, దాని వెనక టార్చి వెలిగించింది. గాజు లోపల పొగ లేస్తోంది. తెల్లని మడ్డి సుళ్లు తిరుగుతూ మెడనుంచి పైకి పాకుతోంది. ఇంకో సీసా లాగింది. ఇంకోటి. అన్నిటిలోనూ పొగ.

వెనక్కి తిరక్కుండానే మాట్లాడింది. “మొదటి పదేళ్లూ ఆయన తిప్పుతుంటే టార్చి పట్టుకుంది నేనే. వెనక్కి తిప్పితే ఎలా ఉంటుందో నాకు తెలియదనుకున్నావా?”

దూది తల దించుకున్నాడు. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. నేలమాళిగలో చేసింది, ఫోటోలో చూసింది, ఇప్పుడు చేసింది, మూడూ చెప్పేశాడు. ఆవిడ ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

“రెండోసారి ఎన్నో సీసా దగ్గర ఆగాడు?”

“సగం దాటాక అనుకుంటానమ్మగారూ. అంతకన్నా చెప్పలేను. నా చేతులతోనే చెరిపేశాను.”

ఆవిడ వ్యాను అంచున కూర్చుంది. మొత్తం తిప్పడానికి ఆయనకి పదకొండు నిమిషాలు పట్టేదని చెప్పింది. అంటే సగానికి ఐదారు నిమిషాలు. కానీ ఆ ఐదారు నిమిషాలు ఎప్పుడు మొదలయ్యాయి? తాళం పడిన వెంటనేనా, తను పైన కుర్చీలో నిద్రపోయాకనా? అది ఏ గీతా చెప్పదు. చెప్పకపోయినా ఒకటి మాత్రం ఖాయం. తాళం తిరిగిన చప్పుడు ఆయన విన్నాడు. విని, లేచి, మర్నాటి పని మొదలుపెట్టాడు.

“తట్టకూడదనే తట్టలేదు,” అంది.

డ్రైవరు పెట్టె కోసం వచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, పెట్టె తీసుకోకుండానే వెళ్లిపోయాడు.

కాసేపటికి టీచరమ్మ ఫోన్ తీసింది. దూది జరగబోతే, “నువ్వు ఇక్కడే ఉండు. ఒక్కదాన్నే చెప్పలేను,” అంది. వేలు జారి స్పీకరు నొక్కుకుపోయింది, ఆవిడ పట్టించుకోలేదు. అవతల ముసలి గొంతు పలికింది. డాక్టరు అక్కగారు. చేరారా అమ్మాయ్, చలిగా ఉందా, ఏమైనా తిన్నారా అని అడిగింది.

“వదినా, ఆ రాత్రి తలుపు తీసి లేదు. నేను తాళం వేశాను. ఆయన లోపల ఉన్నాడని తెలిసే వేశాను.” అక్కడినుంచి మొదలుపెట్టి లెక్క అప్పజెప్పినట్టు వరసగా, ఏడవకుండా, ఏదీ వదలకుండా చెప్పింది.

అవతల కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడైంది.

“వాడికి ఎనిమిదేళ్లప్పుడు,” అంది ముసలి గొంతు, “అబద్ధం ఆడాడని అమ్మ వాణ్ని సామాన్ల గదిలో పెట్టి గడియ వేసింది. పక్కింటికి వెళ్లి మాటల్లో పడి మరిచిపోయింది. నాలుగు గంటలు. తీసేసరికి వాడు డబ్బాలన్నీ చిన్నవీ పెద్దవీ వరసగా సర్దేసి కూర్చున్నాడు. ఒక్కసారైనా తట్టలేదేంరా, పిలవలేదేంరా అని అమ్మ ఒకటే ఏడుపు.”

“ఏమన్నాడు?”

“గడియ వేసినవాళ్లకి తెలుసు కదా నేనున్నానని, అన్నాడు.”

టీచరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆ సాయంత్రమే అమ్మ ఇంట్లో గడియలన్నీ పీకించేసిందని అక్కగారు చెప్పింది. పెళ్లయిన కొత్తలో తమ్ముడి మొండితనం గురించి నవ్వుతూ బోలెడు చెప్పాను, ఇది ఒక్కటే చెప్పలేదు అంది. ఎందుకు చెప్పలేదో తనకే తెలియదంది. రేపు బయల్దేరి వస్తాను, వచ్చి నిన్ను ఏమంటానో ఇప్పుడు చెప్పలేను, కానీ వస్తాను అంది. ఫోన్ పెట్టేసింది.

సీసాలన్నీ కొత్త గదిలోకి చేర్చేసరికి మూడైంది. వాలుబల్లని ఉత్తరం గోడకి నిలబెట్టారు. మడ్డి మళ్లీ దిగడానికి నెలైనా పడుతుందని దూది చెప్పాడు. ఈ నెలా తనే తిప్పుతానంది ఆవిడ. అప్పుడు గుమ్మం దగ్గర ఆగి తలుపుని పైనుంచి కిందికి చూసింది.

“స్క్రూడ్రైవరు ఉందా?”

“ఉందమ్మగారూ. ఎందుకు?”

“దీన్ని విప్పెయ్.”

చలి ఆగదని, మెషిను రాత్రింబవళ్లు తిరిగినా సరిపోదని దూది నచ్చజెప్పబోయాడు. ఆగకపోతే పోనీ అంది. మూడు మడతబందులు, పన్నెండు స్క్రూలు. డ్రైవరూ తనూ కలిసి తలుపుని వ్యానులోకి ఎక్కించారు. దీన్ని తీసుకుపోయి ఎక్కడ పెడతావో నాకు చెప్పకు అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది. కూలి ఇవ్వబోతే దూది తీసుకోలేదు.

తిరుగు ప్రయాణంలో ఎండ ఇంకా ఉంది. రెండు మలుపులు దిగాక ఎదురుగా గొర్రెల మంద రోడ్డు దాటుతోంది. డ్రైవరు బండి ఆపి, ఇంజను కూడా ఆపాడు. మందని చూసి ఏదో జోకు వేయబోయి ఆగిపోయాడు.

ఖాళీ వ్యాను లోపలినుంచి ఎవరో తట్టారు.

రెండుసార్లు. గట్టిగా కాదు. తొందరగా కూడా కాదు. ఇంట్లో మనుషులున్నారని తెలిసినవాళ్లు తట్టినట్టు.

“అన్నా,” అన్నాడు డ్రైవరు, స్టీరింగు రెండు చేతులతో పట్టుకుని. “వెనక ఎవరినైనా మరిచిపోయామా?”

దూది దిగాడు. వెనక్కి నడిచి వెళ్లాడు. గడియ తీసి రెండు తలుపులూ బార్లా తెరిచాడు. లోపల పట్టీ కట్టిన చెక్క తలుపు తప్ప ఏమీ లేదు. ముఖానికి చల్లని గాలి కొట్టింది. అతను ఒక పక్కకి తప్పుకుని నిలబడ్డాడు. వయసైన మనిషి అంచు పట్టుకుని, ఒక కాలు దించి, ఇంకో కాలు దించి దిగడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు నిలబడ్డాడు. గొర్రెలు దాటిపోయాయి.

“వెనక్కి రెండు మలుపులు సార్,” అన్నాడు. “ఎడమ చేతి వైపు రెండో ఇల్లు. ఉత్తరం గది. తట్టాల్సిన పని లేదు, అక్కడ తలుపు లేదు.”

తరువాత మెల్లగా, సీసాలున్నప్పుడు మూసినట్టే, వ్యాను తలుపులు మూశాడు.